ఫార్మాట్ కొట్టే ముందు ఒక్క రోజు ఆగండి

ప్రశ్న: తిరుపతి గాంధీ రోడ్డు దగ్గర నాకు చిన్న డీటీపీ సెంటర్ ఉంది. 2014లో కొన్న కంప్యూటర్. ఐ3 నాలుగో తరం, 4 జీబీ ర్యామ్, 500 జీబీ హార్డ్ డిస్క్, విండోస్ 10. శుభలేఖలు, కరపత్రాలు, బిల్లు పుస్తకాలు అన్నీ పేజ్‌మేకర్ 7లో, అను ఫాంట్లతో చేస్తాను. ఫోటోలు ఫోటోషాప్‌లో. రెండు నెలలుగా పేజ్‌మేకర్ రోజుకు నాలుగైదు సార్లు దానంతటదే మూసుకుపోతోంది. ఎక్కువగా సేవ్ కొట్టినప్పుడు, ప్రింట్ ఇచ్చినప్పుడు. ఫోటోషాప్ 'నాట్ రెస్పాండింగ్' అని తెల్లబోయి కూర్చుంటుంది. వారానికి ఒకట్రెండు సార్లు సిస్టమే ఆగిపోయి మళ్ళీ మొదలవుతోంది. మెకానిక్‌ని అడిగితే 'ఫార్మాట్ కొట్టేస్తే సరిపోతాది, లేకుంటే కొత్తది తీసుకో అక్కా' అంటాడు. ఇప్పటికి రెండుసార్లు ఫార్మాట్ అయింది. పది రోజులు బాగుంటుంది, మళ్ళీ మొదటికే వస్తుంది. ముహూర్తాలు దగ్గర పడుతున్నాయి. ఏం చెయ్యమంటారు?
— ఒక పాఠకురాలు, తిరుపతి

జవాబు: మీ ఉత్తరంలో అన్నిటికంటే పనికొచ్చే మాట 'పది రోజులు బాగుంటుంది' అన్నది. తప్పు విండోస్‌లోనే ఉంటే ఫార్మాట్‌తో పోవాలి. విడిభాగం పూర్తిగా పాడైతే ఫార్మాట్ అయిన మర్నాడే బయటపడాలి. పది రోజులు ఆగి తిరిగొస్తోందంటే రెండింటిలో ఒకటి. హార్డ్ డిస్క్ అక్కడక్కడా బలహీనపడి, కొత్తగా రాసినప్పుడు కొన్నాళ్ళు పట్టుకుని తర్వాత వదిలేస్తూ ఉండాలి. లేదా ఫార్మాట్ అయ్యాక మీరు ఒక్కొక్కటిగా తిరిగి పెట్టుకునే వాటిలో, అంటే ప్రింటర్లు, ఫాంట్లు, పాత ఫైళ్ళలో, తేడా ఉండాలి. రెండూ కలిసి ఉన్నా ఆశ్చర్యం లేదు.

ఇంకో సంగతి. మీరు ఒక్క జబ్బు అనుకుంటున్నది నిజానికి మూడు. పేజ్‌మేకర్ ఒక్కటే మూసుకుపోవడం వేరు, ఫోటోషాప్ బిగుసుకుపోవడం వేరు, మిషన్ మొత్తం ఆరిపోయి వెలగడం వేరు. మూడో దానికీ విండోస్‌కూ చాలాసార్లు సంబంధమే ఉండదు. మూడింటికీ కలిపి ఒకే మందు వేశారు కాబట్టే మీ మెకానిక్ చేతికి చిక్కలేదు.

ఏదైనా ముట్టుకునే ముందు ఈ పూటే చేయాల్సిన పని బ్యాకప్. డిస్క్ మీద అనుమానం ఉన్నప్పుడు పరీక్షలు కూడా దాన్ని నలగ్గొడతాయి. పేజ్‌మేకర్ ఫైళ్ళు, వాటికి లింకైన ఫోటోలు, అను ఇన్‌స్టాలర్, దాని లైసెన్సు వివరాలు, వాడే ఫాంట్ల ఫోల్డర్, ప్రింటర్ డ్రైవర్లు, అన్నిటినీ బయటి హార్డ్ డిస్క్‌లోకి కాపీ చేయండి. కస్టమర్ల దగ్గరికి తిరిగే పెన్‌డ్రైవ్‌ని బ్యాకప్ అనుకోవద్దు. ఏదైనా ఫైలు దగ్గర కాపీ ఆగిపోయి ఎర్రర్ చూపిస్తే ఆ ఫైలు పేరు కాగితం మీద రాసుకుని, దాన్ని వదిలి మిగతావి కాపీ చేసుకోండి. ఆ కాగితం తర్వాత సాక్ష్యంగా పనికొస్తుంది.

ఇప్పుడు విండోస్ తనే రాసుకున్న డైరీ చూద్దాం. స్టార్ట్ నొక్కి 'రిలయబిలిటీ' అని టైప్ చేస్తే 'వ్యూ రిలయబిలిటీ హిస్టరీ' కనబడుతుంది. తెరిస్తే తేదీల వారీగా ఎర్ర గుర్తులు ఉంటాయి. పేజ్‌మేకర్ మూసుకుపోయిన రోజు మీద నొక్కి, కింద ఆ పేరు ఎదురుగా 'టెక్నికల్ డీటెయిల్స్' చూడండి. మనకు కావలసినవి రెండే లైన్లు, 'ఫాల్ట్ మాడ్యూల్ నేమ్', 'ఎక్సెప్షన్ కోడ్'. పది సార్లు మూసుకుపోతే పదింటివీ ఒక నోట్‌బుక్కులో వరసగా రాయండి. పక్కన మీరు అప్పుడు ఏం చేస్తున్నారో, ఏ ఫైలు తెరిచి ఉందో, ఏ ప్రింటర్ ఆన్‌లో ఉందో కూడా.

కోడ్ చివర సీ0000005 అని ఉంటే ప్రోగ్రాం తనది కాని మెమరీ చోట చెయ్యి పెట్టిందని అర్థం. ఇది చాలా మామూలు కోడ్, ఒక్క దాన్ని పట్టుకుని ఏమీ చెప్పలేం. సీ0000006 అని ఉంటే మాత్రం ఆగి చూడాలి. డిస్క్ నుంచి (కొన్నిసార్లు నెట్‌వర్క్ నుంచి) రావలసిన ముక్క రాలేదు అని విండోస్ చెబుతోంది. నెట్‌వర్క్‌లో లేని సొంత ఫైళ్ళతోనే ఇది రెండుసార్లు కనబడితే ముందుగా డిస్క్‌నే అనుమానించండి. మాడ్యూల్ పేరు 'ఎన్‌టీడీఎల్ఎల్' అని ఉంటే దాన్ని నిందించకండి, అది విండోస్ ఇంటి వాకిలి, ఎవరు పడినా అక్కడే పడతారు. ప్రింటర్ డ్రైవర్ పేరుతోనో, 'విన్‌స్పూల్' అనో ఉంటే దొంగ దొరికినట్టే. ప్రతిసారీ ఒకే మాడ్యూలు వస్తుంటే సాఫ్ట్‌వేర్ లేదా ఫైలు తప్పు. ఒక్కోసారి ఒక్కో పేరు, ఒక్కో ప్రోగ్రాం, పేజ్‌మేకర్ ఒకసారి, బ్రౌజర్ ఒకసారి, చివరికి క్యాలిక్యులేటర్ కూడా పడుతుంటే ర్యామో డిస్కో.

డిస్క్ పరీక్షకు క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో అనే ఉచిత ప్రోగ్రాం చాలు. పైన 'గుడ్' అని నీలంగా ఉందా, 'కాషన్' అని పసుపుగా ఉందా అన్నది చూసి ఆగిపోవద్దు. కింద పట్టికలో నాలుగు వరసలు చదవాలి. 05 నంబరు వరస డిస్క్ ఇప్పటిదాకా పక్కనబెట్టేసిన చెడ్డ సెక్టార్లు (డేటా నిలవ ఉండే చిన్న గళ్ళు). సీ5 వరస ఇంకా తేలని అనుమానపు సెక్టార్లు. సీ6 వరస చదవడానికి వీలుకానివి. ఈ మూడింటి 'రా వాల్యూ' సున్నా ఉండాలి. ఆ అంకెలు మామూలుగా హెక్సాలో (పదహారు చొప్పున లెక్కించే పద్ధతిలో) కనబడతాయి కాబట్టి 10 అని ఉంటే పది అనుకుని మోసపోతారు, నిజానికి పదహారు. ఫంక్షన్ మెనూలో అడ్వాన్స్‌డ్ ఫీచర్, అందులో రా వాల్యూస్‌కి వెళ్ళి 10 డెసిమల్ ఎంచుకుంటే మామూలు అంకెల్లో వస్తాయి. సీ5లో అంకె ఉండి, వారం తిరిగేసరికి పెరుగుతుంటే ఆ డిస్క్ మీద ఇక పెళ్ళిళ్ళ పని పెట్టకూడదు.

సీ7 వరస ఒక్కటే పెరుగుతూ మిగతా మూడూ సున్నాగా ఉంటే డిస్క్ మంచిదే, దాన్ని బోర్డుకి కలిపే సాటా కేబుల్ చెడ్డది. ఏళ్ళ తరబడి ఒకే మడతలో ఉన్న ఎర్ర కేబుల్ కనెక్టర్ దగ్గర వదులవుతుంది. కొత్తది పెట్టి చూడండి. సీ7 లెక్క తగ్గదు, పెరగడం ఆగిందా లేదా అన్నదే చూడాలి.

డిస్క్ బాగాలేదని తేలితే చెక్‌డిస్క్‌ని స్లాష్ ఆర్ పెట్టి నడపమని ఎవరు చెప్పినా, బ్యాకప్ అయ్యేదాకా ఒప్పుకోవద్దు. ఆ పరీక్ష డిస్క్ అంతా గోకి చూస్తుంది. పోబోయే డిస్క్‌కి అదే ఆఖరి దెబ్బ కావచ్చు.

ఇక పేజ్‌మేకర్. సేవ్, ప్రింట్ దగ్గరే పడుతోందన్నారు. 2001లో వచ్చిన ప్రోగ్రాం అది. దాని తర్వాత పేజ్‌మేకర్‌లో మరో పెద్ద వెర్షన్ రాలేదు. ఆ కాలపు పద్ధతిలో అది ప్రతి డాక్యుమెంటునూ ఒక ప్రింటర్‌ని దృష్టిలో పెట్టుకుని పేరుస్తుంది. ఫైల్ మెనూలో డాక్యుమెంట్ సెటప్ తెరిస్తే కింద 'కంపోజ్ టు ప్రింటర్' అని ఉంటుంది, అదే. ఆ ప్రింటర్ లేకపోయినా, ఆఫ్‌లో ఉన్నా, వేరే గదిలో ఉన్న కంప్యూటర్‌కి తగిలించి ఆ కంప్యూటర్ కట్టేసినా, పేజ్‌మేకర్ ఎదురుచూసి ఎదురుచూసి అక్కడే కూలబడే అవకాశం ఉంది.

విండోస్ 10 ఇక్కడ ఇంకో చిక్కు తెచ్చిపెట్టింది. సెట్టింగ్స్‌లో డివైసెస్, ప్రింటర్స్ అండ్ స్కానర్స్‌కి వెళ్తే 'లెట్ విండోస్ మేనేజ్ మై డిఫాల్ట్ ప్రింటర్' అన్న టిక్ ఉంటుంది. అది ఆన్‌లో ఉంటే మీరు చివరగా ఏ ప్రింటర్ వాడితే అదే డిఫాల్ట్ అయిపోతుంది. పొద్దున లేజర్ మీద బిల్లు తీస్తే లేజర్, మధ్యాహ్నం ఇంక్‌జెట్ మీద ఫోటో తీస్తే ఇంక్‌జెట్, సాయంత్రం పీడీఎఫ్ చేస్తే పీడీఎఫ్. పేజ్‌మేకర్ కాళ్ళ కింద చాప రోజంతా జరుగుతూనే ఉంటుంది. ఫార్మాట్ అయిన కొత్తలో మీకు ఒక్క ప్రింటరే ఉండి ఉంటుంది. పది రోజుల్లో మిగతావి ఒక్కొక్కటే చేరుకుని ఉంటాయి. మీ 'పది రోజుల' లెక్కకి నా మొదటి అనుమానం ఇదే.

చేయవలసింది ఇది. ఆ టిక్ తీసేయండి. ఎప్పుడూ ఉండే, కేబులుతో పనిలేని ప్రింటర్ ఒకదాన్ని డిఫాల్ట్ చేయండి. విండోస్‌తో వచ్చే పీడీఎఫ్ ప్రింటర్ చాలు. పోస్ట్‌స్క్రిప్ట్ (అచ్చు పేజీని ప్రింటర్‌కి వర్ణించి చెప్పే భాష) ప్రింటర్ డ్రైవర్ ఏదైనా పెట్టుకోగలిగితే పేజ్‌మేకర్‌కి ఇంకా నచ్చుతుంది. తర్వాత మీ ఖాళీ మూస ఫైళ్ళు, అంటే కార్డు సైజులు సెట్ చేసి పెట్టుకున్నవి, ఒక్కొక్కటీ తెరిచి 'కంపోజ్ టు ప్రింటర్' దగ్గర అదే ప్రింటర్ ఎంచుకుని సేవ్ చేయండి. అచ్చు తీసేటప్పుడు మాత్రం ప్రింట్ డైలాగ్‌లో అసలు ప్రింటర్ ఎంచుకోండి. ప్రింటర్ మార్చినప్పుడు లైన్లు అటూ ఇటూ జరగవచ్చు. 'చిరంజీవి లక్ష్మీ సౌభాగ్యవతి' ఒక లైన్లో ఉండాల్సింది రెండు లైన్లయితే అమ్మాయి తరఫువాళ్ళు మిమ్మల్ని వదలరు. మొదటి కార్డు పాతదాని పక్కన పెట్టి పోల్చి చూసుకోండి.

స్పూలర్‌లో, అంటే ప్రింట్లను వరసలో పెట్టి ప్రింటర్‌కి పంపే విండోస్ భాగంలో, ఇరుక్కున్న పాత ప్రింట్లు కూడా ఇదే పని చేస్తాయి. స్టార్ట్‌లో 'సర్వీసెస్' తెరిచి, ప్రింట్ స్పూలర్ మీద కుడి క్లిక్ కొట్టి స్టాప్ చేయండి. సీ డ్రైవ్‌లో విండోస్, సిస్టం32, స్పూల్, ప్రింటర్స్ ఫోల్డర్‌లోకి వెళ్ళి అక్కడున్న ఫైళ్ళు తీసేసి, మళ్ళీ స్టార్ట్ ఇవ్వండి. తీసేయాల్సింది లోపలి ఫైళ్ళు, ఫోల్డర్‌ని కాదు.

ఫైలు సంగతి. పోయినేడాది కార్డు తెరిచి పేర్లు మార్చి, దాన్నే మళ్ళీ ఇంకో పెళ్ళికి మార్చి, ఇలా ఒకే ఫైలు మీద ఏళ్ళు నడిపే అలవాటు దాదాపు అన్ని సెంటర్లలోనూ ఉంది. మామూలు సేవ్ కొట్టినప్పుడు పేజ్‌మేకర్ పాతదాన్ని చెరిపి కొత్తగా రాయదు, చివర్న మార్పులు తగిలిస్తూ పోతుంది. ఫైలు ఉబ్బుతుంది, లోపల చిక్కులు పేరుకుంటాయి. 'సేవ్ యాజ్' కొడితే మొత్తం శుభ్రంగా కొత్తగా రాస్తుంది. అందుకని ప్రతి కొత్త జాబ్‌కీ సేవ్ యాజ్ ఇచ్చి, కొత్త పేరు పెట్టండి. కొన్ని ఎంబీల ఫైలు సగానికి తగ్గడం మీరే చూస్తారు.

ఫైలు లోపల చిక్కు ఉందో లేదో పేజ్‌మేకర్‌నే అడగవచ్చు. ఈ కిటుకు చాలామందికి తెలీదు. బాణం టూల్ తీసుకోండి, పేజీలో ఏదీ సెలెక్ట్ అయి ఉండకూడదు. కంట్రోల్, షిఫ్ట్ రెండూ నొక్కి పట్టుకుని టైప్ మెనూలో హైఫెనేషన్ ఎంచుకోండి. స్పీకర్ ఆన్‌లో ఉంచి వినండి. ఒక్క బీప్ వస్తే ఫైలు బాగుంది. రెండు బీప్‌లు వస్తే తప్పు దొరికింది, సరిచేసింది, వెంటనే సేవ్ యాజ్ ఇవ్వండి. మూడు బీప్‌లు వస్తే తప్పు ఉంది కానీ దాని వల్ల కాలేదు. అప్పుడు కొత్త ఫైలు తెరిచి, ఒక్కో పేజీ కాపీ చేసుకుంటూ పోవడమే మార్గం. మధ్యలో ఏ పేజీ దగ్గర పడిపోతుందో ఆ పేజీలోనే ముల్లు ఉంటుంది. సాధారణంగా ఒక చెడిన బొమ్మ, లేదా ఒక చెడిన ఫాంట్.

ఆ బొమ్మల గురించి. కస్టమర్ వాట్సాప్‌లో పంపిన ఫోటోని, లేదా తెలుగులో పేరు పెట్టిన ఫైలుని, తిన్నగా ప్లేస్ చేయకండి. పేజ్‌మేకర్ యూనికోడ్ పేర్లు రాకముందు కాలపు మనిషి. ఫోల్డర్ పేరులో తెలుగు అక్షరాలున్నా, దారి మరీ పొడుగైనా తడబడుతుంది. డీ డ్రైవ్‌లో 'జాబ్స్' అని ఇంగ్లీషులో ఒక చిన్న ఫోల్డర్, అందులో తేదీ పేరుతో ఫోల్డర్లు పెట్టుకోండి. ఫోటోని ఫోటోషాప్‌లో తెరిచి టిఫ్‌గా సేవ్ చేసి అప్పుడు ప్లేస్ చేయండి. పెన్‌డ్రైవ్ మీద ఉన్న పేజ్‌మేకర్ ఫైలుని అక్కడే తెరిచి అక్కడే సేవ్ కొట్టడం మానేయండి. ముందు డిస్క్‌లోకి కాపీ, పని అయ్యాక తిరిగి కాపీ. సేవ్ దగ్గర పడిపోవడంలో కొంత భాగం ఇక్కడే తగ్గుతుంది.

ప్రోగ్రాం సెట్టింగులే చెడి ఉంటే? పేజ్‌మేకర్ మూసి, దాని ఫోల్డర్‌లో 'ఆర్‌ఎస్‌ఆర్‌సీ' లోపల భాష పేరున్న ఫోల్డర్‌లో 'పీఎం70' పేరుతో 'సీఎన్‌ఎఫ్' అన్న తోకతో ఉండే ఫైలు వెతకండి. దాని పేరు చివర 'ఓల్డ్' అని తగిలించి ప్రోగ్రాం తెరిస్తే కొత్తది తయారవుతుంది. మీ పాత ఇష్టాలు, అంటే అంగుళాలా మిల్లీమీటర్లా వంటివి, మళ్ళీ పెట్టుకోవాలి. అంతే నష్టం.

అను ఫాంట్ల విషయంలో రెండు మాటలు. ఫోల్డర్ మొత్తం ఎత్తి విండోస్ ఫాంట్స్‌లో పోసేయకండి. మీరు నిజంగా వాడే ఇరవై ముప్ఫై చాలు. ఒక ఫాంటు పేజీలోకి రాగానే ప్రోగ్రాం పడిపోతుంటే ఆ ఫాంటును తీసేసి, అసలు సీడీ నుంచి మళ్ళీ వేయండి. రెండోది, అనులో తెలుగు టైపింగ్ నడిపే స్క్రిప్ట్ మేనేజర్‌ని మామూలుగా, పేజ్‌మేకర్‌ని 'రన్ యాజ్ అడ్మినిస్ట్రేటర్'గా తెరిస్తే తెలుగు టైప్ అవదు, ఇంగ్లీషే పడుతుంది. పెద్ద హోదాలో నడిచే ప్రోగ్రాంలోకి చిన్న హోదా ప్రోగ్రాం చెయ్యి పెట్టకుండా విండోస్ అడ్డుపడుతుంది. చాలామంది దీన్ని అను చెడిపోయిందనుకుని మళ్ళీ ఇన్‌స్టాల్ చేస్తారు. రెండింటినీ ఒకే హోదాలో తెరవండి, సరిపోతుంది.

మీ దగ్గరున్నవి అసలు కాపీలా, చేతులు మారి వచ్చినవా అన్నది మీరు రాయలేదు, నేనూ అడగను. క్రాక్ చేసిన కాపీల్లోని ఫైళ్ళను విండోస్ డిఫెండర్ ఒకనాడు హఠాత్తుగా ఎత్తి పక్కన పెట్టేస్తుందనీ, అప్పుడు 'నిన్నటిదాకా పనిచేసింది' అన్న మాటకి అర్థం ఉండదనీ మాత్రం గుర్తుంచుకోండి.

ఫోటోషాప్ బిగుసుకుపోవడానికి ఎక్కువ ఆలోచించనక్కర్లేదు. 4 జీబీలో విండోస్, బ్రౌజర్‌లో వాట్సాప్, పేజ్‌మేకర్, ఫోటోషాప్, నాలుగూ కూర్చోలేవు. చోటు చాలనప్పుడు విండోస్ డిస్క్‌ని ర్యామ్‌లా వాడుకుంటుంది. మీ డిస్క్ ముందే దగ్గుతోంది. టాస్క్ మేనేజర్‌లో పెర్ఫార్మెన్స్ తెరిచి ఆ సమయంలో చూడండి, డిస్క్ 100 శాతం దగ్గర నిలబడి ఉంటుంది.

మీది నాలుగో తరం కాబట్టి డీడీఆర్3 ర్యామ్ పడుతుంది. మీ బోర్డు మీద హెచ్81 అని రాసి ఉంటే రెండు స్లాట్లు, మొత్తం 16 జీబీ వరకు వేసుకోవచ్చు. 1600 స్పీడ్‌ది ఇంకో 4 జీబీ ముక్క వేస్తే మీ పనికి చాలు. ల్యాప్‌టాప్ ర్యామ్ పొట్టిది, అది ఇందులో పట్టదు. ఇప్పుడు డీడీఆర్3 కొత్తవి దొరకడం తగ్గింది. ఇక్కడ దొరక్కపోతే చెన్నై రిచీ స్ట్రీట్‌లో పాతవి దొరుకుతాయి. పాతది కొంటే పరీక్షించాకే డబ్బులివ్వండి. ఒక భ్రమ మాత్రం వద్దు. పేజ్‌మేకర్ 32 బిట్ ప్రోగ్రాం, మామూలుగా 2 జీబీకి మించి వాడుకోలేదు. ర్యామ్ పెంచితే అన్నీ కలిసి నడవడానికి చోటొస్తుంది కానీ, పేజ్‌మేకర్ సొంత జబ్బు దానితో పోదు.

ఉన్న ర్యామ్ మంచిదో కాదో తెలియాలంటే, స్టార్ట్‌లో 'మెమరీ డయాగ్నోస్టిక్' అని కొట్టి రీస్టార్ట్ ఇవ్వండి. నీలం తెర రాగానే ఎఫ్1 నొక్కి 'ఎక్స్‌టెండెడ్' ఎంచుకుని, షాపు కట్టేసేటప్పుడు పెట్టేసి వెళ్ళండి. ఒక్క తప్పు కనబడినా ఆ ర్యామ్ పనికిరాదు. అయితే పారేసే ముందు, ప్లగ్ పీకి, పవర్ బటన్ పది సెకన్లు నొక్కి, క్యాబినెట్ ఇనుమును ఒకసారి ముట్టుకుని, ముక్కను బయటికి తీసి, బంగారు రంగు పళ్ళను పెన్సిల్ చెరిపే తెల్ల రబ్బరుతో నెమ్మదిగా తుడవండి. రెండు వైపులా క్లిప్పులు టక్కున పడేదాకా తిరిగి నొక్కండి. పరీక్ష మళ్ళీ పెట్టండి. పాత మిషన్లలో ఈ తుడుపుతో బతికినవి చాలా ఉన్నాయి.

సీ డ్రైవ్‌లో ఎప్పుడూ 20 జీబీ ఖాళీ ఉంచండి. ఫోటోషాప్ ప్రిఫరెన్సెస్‌లో స్క్రాచ్ డిస్క్‌గా (ర్యామ్ చాలనప్పుడు అది వాడుకునే చోటుగా) డీ పెట్టండి. ప్రోగ్రాం తెరుచుకోవడమే కష్టంగా ఉంటే ఐకాన్ మీద డబుల్ క్లిక్ చేసిన వెంటనే కంట్రోల్, ఆల్ట్, షిఫ్ట్ మూడూ పట్టుకోండి, సెట్టింగులు చెరిపేయమంటారా అని అడుగుతుంది. వాట్సాప్‌ని ఫోన్లోనే ఉంచుకుంటే ఇంకా మంచిది.

మూడోది, మిషన్ మొత్తం ఆరిపోయి వెలగడం. ఒకటి అడుగుతాను. లేజర్ ప్రింటర్‌ని కూడా యూపీఎస్‌కే తగిలించారా? అయితే ఇవాళే తీసి గోడ ప్లగ్గుకి పెట్టండి. లేజర్ లోపల టోనర్‌ని కాగితానికి కరిగించి అంటించే వేడి రోలర్ ఉంటుంది. ప్రింట్ ఇవ్వగానే అది వేడెక్కడానికి ఒక్కసారిగా కొన్ని వందల వాట్లు లాగుతుంది. 600 వీఏ యూపీఎస్ ఇవ్వగలిగేది సుమారు 360 వాట్లు. రెండూ ఒకే చోట ఉంటే ప్రింట్ కొట్టిన క్షణాన కంప్యూటర్‌కి కరెంటు గుటుక్కుమంటుంది. మీరు 'ప్రింట్ ఇస్తే పడిపోతోంది' అన్న వాటిలో కొన్ని పేజ్‌మేకర్ లెక్కలోవి కాకుండా ఈ లెక్కలోవి కావచ్చు.

యూపీఎస్ బ్యాటరీ 12 వోల్టులది, రెండు మూడేళ్ళే పనిచేస్తుంది. పనులన్నీ సేవ్ చేసి, యూపీఎస్ ప్లగ్ గోడలోంచి పీకి చూడండి. కనీసం ఐదు నిమిషాలు నిలవాలి. పీకగానే ఆరిపోతే బ్యాటరీ మార్చాలి. షాపులో కరెంటు రెప్పపాటు పోయి వచ్చినప్పుడల్లా మీ మిషన్ పడుతుంటే కారణం అదే.

విండోస్ ఏమంటోందో కూడా చూడాలి. ముందు, 'అడ్వాన్స్‌డ్ సిస్టం సెట్టింగ్స్' తెరిచి స్టార్టప్ అండ్ రికవరీలో 'ఆటోమేటికల్లీ రీస్టార్ట్' టిక్ తీసేయండి. ఇక నీలి తెర వస్తే నిలిచి ఉంటుంది, ఫోన్‌తో ఫోటో తీసుకోవచ్చు. నీలి తెరే లేకుండా టక్కున ఆరిపోతుంటే ఈవెంట్ వ్యూయర్‌లో సిస్టం లాగ్ తెరిచి 'కెర్నల్-పవర్ 41' వెతకండి. డీటెయిల్స్‌లో 'బగ్‌చెక్ కోడ్' సున్నా ఉంటే విండోస్‌కి చెప్పే టైమే దొరకలేదని అర్థం. అప్పుడు చూడాల్సినవి కరెంటు, ఎస్‌ఎంపీఎస్ (క్యాబినెట్‌లో అన్ని భాగాలకీ కరెంటు పంచే డబ్బా), వేడి.

ఎస్‌ఎంపీఎస్‌ని ఊరికే ఆన్ చేసి చూస్తే అంతా బాగానే కనబడుతుంది. ఫోటోషాప్‌లో పెద్ద ఫోటో తెరిచి బరువు మోస్తున్నప్పుడు మల్టీమీటర్ పెట్టాలి. పసుపు తీగ, నల్ల తీగ మధ్య 11.4 నుంచి 12.6 వోల్టులు, ఎర్ర తీగ, నల్ల తీగ మధ్య 4.75 నుంచి 5.25 ఉండాలి. అలవాటు లేకపోతే ఇది మీ మెకానిక్ చేతే చేయించండి. ఎస్‌ఎంపీఎస్ డబ్బా మాత్రం ఎవరూ విప్పకూడదు, ప్లగ్ పీకినా లోపలి కెపాసిటర్లలో చాలాసేపు కరెంటు ఉంటుంది. మదర్‌బోర్డు మీద కూడా కెపాసిటర్ల నెత్తి ఉబ్బిందా, గోధుమరంగు జిగురు కారిందా అని టార్చి వేసి చూడండి. ఉబ్బి ఉంటే ఆ బోర్డు మీద ఇక ఖర్చు పెట్టకండి.

వేడి సంగతి తిరుపతి వాళ్ళకి చెప్పనక్కర్లేదు. ఏప్రిల్, మే నెలల్లో రోడ్డు మీద 40 దాటితే, షట్టర్ పక్కన టేబుల్ కింద పెట్టిన క్యాబినెట్ లోపల ఇంకా పైమాటే. దానికి తోడు రోడ్డు దుమ్ము, దేవుడి పటం ముందు అగరుబత్తి పొగ. రెండూ కలిస్తే ఫ్యాన్ కింద హీట్‌సింక్ రేకుల మధ్య గుడ్డలాంటి పొర పడుతుంది. హెచ్‌డబ్ల్యూమానిటర్‌లో ప్రాసెసర్ వేడి పని మధ్యలో 80 లోపు ఉంటే సరే. 90 దాటుతుంటే విప్పి శుభ్రం చేయాలి. బ్లోయర్ కొట్టేటప్పుడు ఫ్యాన్ రెక్కని వేలితో పట్టుకోండి, అది గిర్రున తిరిగితే బేరింగు పోతుంది. ప్రాసెసర్ మీద, వేడిని హీట్‌సింక్‌కి అందించే పాత పేస్టు తుడిచి కొత్తది కందిగింజంత పెడితే చాలు, ఎక్కువైతే మేలేమీ లేదు. ఇంటెల్ ఫ్యాన్‌కి నాలుగు ప్లాస్టిక్ మేకులుంటాయి. ఎదురెదురు మూలలవి జతగా నొక్కాలి. ఒక్కటి సరిగా దిగకపోయినా పేస్టు పెట్టిన ఫలితం ఉండదు.

ఇవన్నీ అయ్యాక ఫార్మాట్ మాటకొద్దాం. డిస్క్ అంకెలు చెడ్డగా ఉంటే అదే డిస్క్ మీద మూడోసారి ఫార్మాట్ దండగ. 256 జీబీ సాటా ఎస్‌ఎస్‌డీ (తిరిగే పళ్ళెం లేని డిస్క్) ఒకటి తీసుకుని, బోర్డు మీద 6 జీబీ అని రాసి ఉన్న పోర్టుకి తగిలించి, దాని మీద విండోస్ కొత్తగా వేయించండి. చెడ్డ సెక్టార్లున్న డిస్క్‌ని క్లోన్ చేస్తే, అంటే ఉన్నదున్నట్టు కాపీ తీస్తే, ఆ చెడు కూడా ఫైళ్ళతోపాటు వస్తుంది, అందుకే కొత్తగానే వేయాలి. తర్వాత ప్రోగ్రాములు ఒకేరోజు అన్నీ దించకండి. మొదటి రోజు పేజ్‌మేకర్, అను, పీడీఎఫ్ ప్రింటర్ మాత్రమే. పడకుండా రెండు రోజులు నడిస్తే లేజర్. ఇంకో రెండు రోజులకి ఇంక్‌జెట్. తర్వాత ఫోటోషాప్. ఏది చేరిన రోజున మళ్ళీ మొదలైందో నోట్‌బుక్కే చెబుతుంది.

డిస్క్ బాగానే ఉండి విండోస్ ఫైళ్ళ మీదే అనుమానముంటే ఫార్మాట్ అక్కర్లేదు. కమాండ్ ప్రాంప్ట్‌ని అడ్మినిస్ట్రేటర్‌గా తెరిచి ముందు డీఐఎస్ఎం, దాని వెనక స్లాష్ ఆన్‌లైన్, స్లాష్ క్లీనప్-ఇమేజ్, స్లాష్ రిస్టోర్‌హెల్త్, మధ్య మధ్య స్పేసులతో టైప్ చేసి ఎంటర్ కొట్టండి. అది నెట్ నుంచి మంచి ఫైళ్ళు తెచ్చుకుంటుంది, అరగంట పట్టినా ఆపకండి. అది ముగిశాక ఎస్‌ఎఫ్‌సీ, స్పేసు, స్లాష్ స్కాన్‌నౌ. ఇంకో చిన్న సంగతి, విండోస్ 10లో 'షట్‌డౌన్' కొడితే ఫాస్ట్ స్టార్టప్ వల్ల పూర్తిగా ఆగదు. వారానికి రెండుసార్లయినా 'రీస్టార్ట్' ఇవ్వండి.

కొత్తది కొనాలా అన్నారు. విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు సపోర్టు 2025 అక్టోబరు 14తో ముగిసింది. విండోస్ 11కి ఇంటెల్‌లో ఎనిమిదో తరం నుంచి కావాలి, మీది నాలుగోది. దొంగదారిన వేసేవాళ్ళుంటారు, పని మిషన్ మీద ఆ ప్రయోగం వద్దు. నా మాట ఇది. ఎస్‌ఎస్‌డీ, ర్యామ్ రెండూ వేసి, నెట్ తీసేసి, ఈ కంప్యూటర్‌ని పేజ్‌మేకర్‌కే అంకితం చేయండి. మెయిలు, వాట్సాప్, ఆన్‌లైన్ పనులు ఇంకో మిషన్ మీద పెట్టుకోండి. ఫైళ్ళు పెన్‌డ్రైవ్‌తో తెచ్చి, ఆ మిషన్ మీద స్కాన్ చేశాకే ఇటు పెట్టండి. బోర్డు కెపాసిటర్లు ఉబ్బి ఉంటే మాత్రం ఈ లెక్క చెల్లదు, కొత్తది కొనాల్సిందే. కొనే ముందు మీ పేజ్‌మేకర్, అను ఇన్‌స్టాలర్లు పట్టుకెళ్ళి, షాపులోనే వేయించి, ఒక శుభలేఖ తెరిచి, టైప్ చేసి, పీడీఎఫ్ తీసి చూసుకోండి. ముహూర్తాల మధ్యలో మాత్రం మిషన్ మార్చకండి.

డిస్క్ మారిస్తే పాతదాన్ని పాత సామాన్లవాడికి ఇవ్వకండి. అందులో ఎన్నో ఇళ్ళ ఫోన్ నంబర్లు, చిరునామాలు, ఆధార్ జిరాక్సులు ఉంటాయి. మార్చిన తేదీ, సీ5 అంకె ఒక చీటీ మీద రాసి దానికి అతికించి డ్రాయర్లో పెట్టండి. ఏదో ఒక కార్డు కావాలని ఆరు నెలల తర్వాత ఎవరో ఒకరు రాకపోరు.